స్లిమ్ డస్టీ

స్లిమ్ డస్టీ (జూన్ 13, 1927 - సెప్టెంబర్ 19, 2003) ఆస్ట్రేలియాకు చెందిన సుప్రసిద్ధ కంట్రీ సంగీత గాయకుడు, గీత రచయిత, గిటారు వాద్యకారుడు. ఈయన అసలు పేరు డేవిడ్ గోర్డన్ కిర్క్‌పాట్రిక్. ఆస్ట్రేలియా ఖండపు నడిమి భాగాన జనసంచారం పలుచగా ఉండే విశాలమైన మెట్ట, ఎడారి ప్రాంతాలను ఔట్‌బ్యాక్ అంటారు. అక్కడి పశువుల కాపరులు, మందలు తోలేవారు, ఉన్ని కత్తిరించేవారు, లారీ డ్రైవర్ల జీవితాలను పాటలుగా మలచి, ఆ పాటలను తిరిగి వారి ముంగిళ్ళకే తీసుకువెళ్ళి పాడిన గాయకుడిగా ఈయన పేరొందాడు. ఆరు దశాబ్దాల పాటు సాగిన వృత్తి జీవితంలో నూటికి పైగా ఆల్బములు వెలువరించాడు. ఆస్ట్రేలియాలోనే ఈయన రికార్డులు 70 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. 1957లో పాడిన "ఎ పబ్ విత్ నో బీర్" (బీరు లేని పబ్బు) ఈయనకు అంతర్జాతీయ ఖ్యాతిని తెచ్చిపెట్టింది.

బాల్యం

డేవిడ్ కిర్క్‌పాట్రిక్ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు ఉత్తర తీరప్రాంతంలోని కెంప్సీ పట్టణంలో జన్మించాడు. కెంప్సీకి ఎగువన, కొండల నడుమ ఉన్న నల్లా నల్లా క్రీక్ అనే పల్లెలో వీరి కుటుంబానికి పాడి పశువుల క్షేత్రం ఉండేది. వేకువనే లేచి పాలు పితకడం, పశువులను మేపడం వంటి పనుల మధ్య ఈయన పెరిగాడు. ఔట్‌బ్యాక్‌కు ప్రతినిధిగా పేరుపొందిన ఈ గాయకుడు పుట్టింది మాత్రం వానలు బాగా కురిసే పచ్చని తీరప్రాంతంలో కావడం విశేషం.

అప్పట్లో గ్రామీణ ఆస్ట్రేలియాకు కంట్రీ సంగీతం గ్రామఫోను రికార్డుల ద్వారాను, రేడియో ద్వారాను చేరుతూ ఉండేది. అమెరికాకు చెందిన జిమ్మీ రోడ్జర్స్, కెనడాకు చెందిన విల్ఫ్ కార్టర్, న్యూజీలాండ్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన టెక్స్ మోర్టన్ వంటి వారి పాటలు బాలుని ఆకట్టుకున్నాయి. 1937లో, పదేళ్ళ వయసులో, తన తొలి పాట "ది వే ద కౌబాయ్ డైస్" రాశాడు. కౌబాయ్‌ని ఎన్నడూ చూడని పిల్లవాడు కౌబాయ్ మరణం గురించి పాట కట్టడం ఆనాటి ఆస్ట్రేలియా కంట్రీ సంగీతంపై అమెరికా ప్రభావం ఎంతగా ఉండేదో తెలుపుతుంది.

మరుసటి సంవత్సరం, అంటే 1938లో, స్లిమ్ డస్టీ అనే రంగస్థల నామాన్ని తనకు తానే పెట్టుకున్నాడు. స్లిమ్ అంటే సన్నని, డస్టీ అంటే దుమ్ము కొట్టుకున్న అని అర్థం. బాల్యమిత్రుడు ఎడ్విన్ హేబర్‌ఫీల్డ్ కూడా గాయకుడు కావాలన్న పట్టుదలతో షార్టీ రేంజర్ అనే పేరు పెట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి కెంప్సీ పరిసరాలలో అవకాశం దొరికిన చోటల్లా పాడుతూ ఉండేవారు. షార్టీ రేంజర్ కూడా తరువాతి కాలంలో గుర్తింపు పొందిన గీత రచయిత అయ్యాడు.

తొలి రికార్డులు

ఆస్ట్రేలియాలో రికార్డు కంపెనీల స్టూడియోలు సిడ్నీ వంటి పెద్ద నగరాలలోనే ఉండేవి. 1942లో స్లిమ్ డస్టీ సిడ్నీలోని హోమ్‌బుష్‌లో ఉన్న కొలంబియా గ్రాఫోఫోన్ కంపెనీ స్టూడియోలో సొంత ఖర్చుతో ఒక రికార్డు చేయించుకున్నాడు. ఇది కంపెనీ విడుదల చేసిన రికార్డు కాదు. డబ్బు చెల్లించిన ఎవరికైనా అలా పాట ముద్రించి ఇచ్చే పద్ధతి అప్పట్లో ఉండేది.

1945లో "వెన్ ద రెయిన్ టంబుల్స్ డౌన్ ఇన్ జూలై" అనే పాట రాశాడు. కౌబాయ్‌లు, అమెరికా మైదానాలు ఇందులో లేవు. జూలై మాసపు వానలు, పొంగే వాగులు, వరద నీటిలో చిక్కే పశువులు, అంటే తాను కళ్ళారా చూసిన లోయ ఇందులోని విషయం. 1946లో రీగల్ జోనోఫోన్ సంస్థ ఈయనతో ఒప్పందం చేసుకుని ఈ పాటను రికార్డు చేసింది. అప్పటికి ఈయన వయసు 19 సంవత్సరాలు. ఆస్ట్రేలియా బుష్ బ్యాలడ్ అనే గేయ ప్రక్రియలో ఈ పాట ఒక మైలురాయిగా పరిగణించబడుతున్నది. ఆ తరువాత ఈయన మార్గం మారలేదు. తన శ్రోతలకు తెలిసిన మనుషులు, తెలిసిన ఊళ్ళు, తెలిసిన కష్టాలే ఈయన పాటలకు వస్తువులయ్యాయి.

వివాహం

1951లో స్లిమ్ డస్టీ జాయ్ మెక్‌కీన్‌ను వివాహం చేసుకున్నాడు. జాయ్ (జనవరి 14, 1930 - మే 25, 2023) అప్పటికే పేరున్న గాయని. చెల్లెలు హెదర్‌తో కలిసి మెక్‌కీన్ సిస్టర్స్ పేరుతో సిడ్నీలోని 2కెవై రేడియో కేంద్రం నుండి కార్యక్రమాలు సమర్పించేది. చిన్నతనంలో పోలియో సోకినా సంగీతాన్ని విడువలేదు. అకార్డియన్ వాయించేది, పాడేది, పాటలు రాసేది. వివాహానంతరం ఆమె స్లిమ్ డస్టీకి జీవిత భాగస్వామి మాత్రమే గాక సహగాయని, గీత రచయిత్రి, కార్యక్రమాల నిర్వాహకురాలు కూడా అయింది. యాత్రల లెక్కలు, ఏర్పాట్లు ఆమె చూసుకునేది. వీరికి ఇద్దరు సంతానం. కుమార్తె ఆన్ కిర్క్‌పాట్రిక్ గాయనిగా స్వతంత్రంగా పేరు తెచ్చుకుంది. కుమారుడు డేవిడ్ వైద్యవృత్తిని చేపట్టి, సంగీతాన్ని కూడా కొనసాగించాడు.

సంచార ప్రదర్శనలు

1954లో ఈ దంపతులు సంగీతాన్నే పూర్తికాల జీవనోపాధిగా ఎంచుకుని సంచార ప్రదర్శనలకు బయలుదేరారు. ఇది సాహసోపేతమైన నిర్ణయం. కారుకు కారవాన్ తగిలించుకుని, వాద్యాలు, సామగ్రి వెంటబెట్టుకుని ఊరూరా తిరగడమే పని. ఒక ఊరిలో ప్రదర్శన ముగిసిన వెంటనే మరో ఊరికి ప్రయాణం. ఊళ్ళ నడుమ దూరం వందల కిలోమీటర్లు ఉండేది. లోతట్టు రహదారులు చాలావరకు మట్టిబాటలు. వాన వస్తే బురదలో వాహనాలు దిగబడేవి, ఎండాకాలంలో దుమ్ము ముంచెత్తేది. టికెట్లు అమ్ముడైతేనే తరువాతి మజిలీకి పెట్రోలు.

1950ల చివరికి పరిస్థితులు మరింత మారాయి. 1956లో ఆస్ట్రేలియాలో టెలివిజన్ ప్రసారాలు మొదలయ్యాయి. యువతరం రాక్ అండ్ రోల్ వైపు మళ్ళింది. నగర రేడియో కేంద్రాలు కంట్రీ పాటలకు అంతగా చోటు ఇవ్వలేదు. సంచార ప్రదర్శన బృందాలు ఒక్కొక్కటిగా మూతపడుతున్న ఆ కాలంలో స్లిమ్ డస్టీ తన యాత్రలను తగ్గించకపోగా మరింత విస్తరించాడు. 1964 నుండి ఏటా పది నెలల పాటు, సుమారు 48,000 కిలోమీటర్ల దూరం ఖండమంతటా చుట్టివచ్చే యాత్రను ఆరంభించాడు. ఈ యాత్రలే ఇతివృత్తంగా 1984లో "ది స్లిమ్ డస్టీ మూవీ" అనే చలనచిత్రం వెలువడింది.

పెద్ద గాయకులెవరూ అడుగుపెట్టని మారుమూల గ్రామాలకు, పశువుల క్షేత్రాలకు, ఆదివాసుల నివాసాలకు ఈయన బృందం వెళ్ళేది. ఆస్ట్రేలియా ఆదివాసులలో ఈయనకు విశేషమైన ఆదరణ లభించింది. పశువుల క్షేత్రాలలో పనిచేసేవారిలో ఆదివాసులు పెద్ద సంఖ్యలో ఉండేవారు, కాబట్టి ఆ పాటలలోని జీవితం వారిదీ అయింది. ఈయన పాడిన పాటలలో ట్రంబీ అనే ఆదివాసి పశువుల కాపరిని గురించిన గీతం ప్రసిద్ధమైనది. పనిలో ఆరితేరినా చదువు రాని ట్రంబీ, నీరు విషపూరితమన్న హెచ్చరిక పలకను చదవలేక ఆ నీరు తాగి మరణిస్తాడు. ఒక మనిషికి అక్షరాలు నేర్పకపోవడం వలన కలిగిన నష్టాన్ని ఈ పాట చెబుతుంది. ఆదివాసి కంట్రీ గాయకుడు ట్రాయ్ కాసర్-డేలీ వంటి తరువాతి తరం కళాకారులపై స్లిమ్ డస్టీ ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది.

ఎ పబ్ విత్ నో బీర్

స్లిమ్ డస్టీకి అత్యధిక ఖ్యాతి తెచ్చిన పాటను ఈయన రాయలేదు. దాని వెనుక ఆసక్తికరమైన చరిత్ర ఉంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో, క్వీన్స్‌లాండ్ ఉత్తర భాగంలోని ఇంగ్హామ్ పట్టణపు డే డాన్ హోటల్‌కు డాన్ షీహన్ అనే చెరకు రైతు వెళ్ళాడు. అంతకు ముందే అమెరికా సైనికులు వచ్చి అక్కడున్న బీరునంతా తాగివేయడంతో ఆయనకు చుక్క కూడా దొరకలేదు. కవి కూడా అయిన షీహన్ ఆ నిరాశను హాస్యంగా ఒక పద్యంలో చెప్పాడు. అది ఒక ప్రాంతీయ పత్రికలో అచ్చయింది.

కొన్నేళ్ళ తరువాత ఆ పద్యంలోని కొంత భాగం, రాసిన వారి పేరు లేకుండా, గాయకుడు గోర్డన్ పార్సన్స్ చేతికి వచ్చింది. ఆయన దానిని పెంచి, తన ప్రాంతపు మనుషులను పాత్రలుగా చేర్చి పాటగా మలచాడు. కెంప్సీకి ఉత్తరాన ఉన్న టేలర్స్ ఆర్మ్ అనే ఊరిలోని హోటల్ ఈ పాటకు నెలవుగా పేరుపొంది, తరువాత పాట పేరునే తన పేరుగా మార్చుకుంది. పాట బాణీకి, అమెరికా స్వరకర్త స్టీఫెన్ ఫాస్టర్ రచించిన "బ్యూటిఫుల్ డ్రీమర్" గీతానికి పోలిక ఉన్నదని చెబుతారు.

1957 ఏప్రిల్‌లో స్లిమ్ డస్టీ ఈ పాటను రికార్డు చేశాడు. "శాడిల్ బాయ్" అనే పాటకు వెనుక వైపున నింపడానికి మాత్రమే దీనిని ఎంచుకున్నారు. అయితే శ్రోతలు రికార్డును తిరగవేసి ఈ పాటనే వినసాగారు. కొద్ది కాలంలోనే అంతవరకు ఏ ఆస్ట్రేలియా కళాకారుని రికార్డూ అమ్ముడుపోనంతగా ఇది అమ్ముడైంది. బంగారు డిస్కు పొందిన మొదటి ఆస్ట్రేలియా పాట ఇదే. 1959లో బ్రిటన్ పాటల పట్టికలో మూడవ స్థానానికి చేరింది. బెల్జియం గాయకుడు బాబెజాన్ స్కూపెన్ దీనిని ఫ్లెమిష్, జర్మన్ భాషలలో పాడగా ఐరోపాలోనూ జనాదరణ లభించింది.

ఈ విజయం తరువాత కూడా స్లిమ్ డస్టీ నగర వేదికలకు, విదేశాలకు తరలిపోలేదు. లోతట్టు ఊళ్ళ యాత్రలనే కొనసాగించాడు. ఒక్క హాస్యగీతంతో గుర్తుండిపోయే గాయకుడు కాకుండా దశాబ్దాల పాటు నిలిచిన గాయకుడు కావడానికి ఈ నిర్ణయం ముఖ్య కారణమైంది.

పాటల తీరు

స్లిమ్ డస్టీ గాత్రంలో ఆడంబరం ఉండదు. తొలినాళ్ళలో ఆనాటి అలవాటు ప్రకారం యోడలింగ్ చేసినా, క్రమంగా మాట్లాడుతున్నట్లుగా సాగే సాదా గానశైలికి మళ్ళాడు. పాటలోని ప్రతి మాటా శ్రోతకు స్పష్టంగా వినబడాలన్నది ఈ శైలికి మూలం. ఆస్ట్రేలియా యాసను దాచలేదు. బుష్‌ల్యాండర్స్ అనే వీరి బృందంలో గిటారు వాయించిన బ్యారీ థార్న్‌టన్ ఈ పాటలకు ప్రత్యేకమైన వాద్య శైలిని సమకూర్చాడు. ఇది తరువాతి బుష్ బ్యాలడ్ గాయకులకు నమూనా అయింది.

ఈయన స్వయంగా అనేక పాటలు రాసినప్పటికీ ఇతరుల రచనలను విరివిగా స్వీకరించాడు. స్టాన్ కోస్టర్, కెల్లీ డిక్సన్ వంటివారు రచించిన గీతాలు ఈయన గొంతుతోనే జనానికి చేరాయి. యాత్రలలో ఎదురైన కాపరులు, డ్రైవర్లు, కూలీలు రాసి ఇచ్చిన పద్యాలకు కూడా బాణీలు కట్టాడు. హెన్రీ లాసన్, బాంజో ప్యాటర్సన్ వంటి పూర్వ కవుల రచనలను సైతం పాటలుగా మార్చాడు. ఈ విధంగా అచ్చు పుస్తకాలలోను, నోటి మాటలోను ఉన్న గ్రామీణ సాహిత్యం రికార్డులలో భద్రపడింది. గుర్రాలపై మందలు తోలే కాలం పోయి లారీలు వచ్చినప్పుడు, ఆ మార్పు కూడా ఈయన పాటలలో నమోదయింది.

జాయ్ మెక్‌కీన్ రచనలు

స్లిమ్ డస్టీ పాడిన ఉత్తమ గీతాలలో పలు రచనలు భార్య జాయ్‌వి. "వాక్ ఎ కంట్రీ మైల్", "ది బిగ్గెస్ట్ డిసప్పాయింట్‌మెంట్", "ఇండియన్ పసిఫిక్" వాటిలో కొన్ని. చివరిది సిడ్నీ, పెర్త్ నగరాల మధ్య ఖండాన్ని దాటే రైలును గురించినది.

ఈమె రచించిన "లైట్స్ ఆన్ ద హిల్" రాత్రివేళ బరువైన లారీ నడుపుతూ, ఎదురుగా వచ్చే వెలుగులకు కళ్ళు చెదిరి, ప్రమాదంలో మరణించే డ్రైవరు గీతం. రాత్రి ప్రయాణాలు అలవాటైన కుటుంబం నుండి వచ్చిన పాట కావడంతో ఇందులోని భయం కల్పితంగా అనిపించదు. 1973లో టామ్‌వర్త్ పట్టణంలో ఆస్ట్రేలియా కంట్రీ సంగీత పురస్కారాలు మొదలైనప్పుడు, ఈ పాటకుగాను జాయ్ మెక్‌కీన్ మొట్టమొదటి గోల్డెన్ గిటార్‌ను అందుకుంది. క్వీన్స్‌లాండ్‌లోని గ్యాటన్‌లో రహదారులపై మరణించిన లారీ, బస్సు డ్రైవర్ల పేర్లతో నిర్మించిన స్మారకానికి ఈ పాట పేరే పెట్టారు.

స్లిమ్ డస్టీ ఆత్మకథ "వాక్ ఎ కంట్రీ మైల్" 1979లో వెలువడింది. భార్యతో కలిసి రాసిన "అనదర్ డే, అనదర్ టౌన్" 1996లో ప్రచురితమైంది.

తరువాతి జీవితం

యాభై ఏళ్ళు దాటాక స్లిమ్ డస్టీకి నగరాలలోనూ కొత్త శ్రోతలు ఏర్పడ్డారు. ప్యాట్ అలెగ్జాండర్ రచించిన "డంకన్" అనే పాట 1981లో ఆస్ట్రేలియా పాటల పట్టికలో అగ్రస్థానం పొందింది. స్నేహితునితో కలిసి బీరు తాగడమనే చిన్న ముచ్చట ఇందులోని విషయం. అదే సంవత్సరం ఏప్రిల్‌లో కొలంబియా అంతరిక్ష నౌక తొలి ప్రయాణంలో, వ్యోమగాములు జాన్ యంగ్, రాబర్ట్ క్రిపెన్ ఆస్ట్రేలియా మీదుగా వెళుతున్నప్పుడు స్లిమ్ డస్టీ గానం చేసిన "వాల్ట్‌జింగ్ మటిల్డా" గీతాన్ని వినిపించారు.

1997లో అమెరికాలోని నాష్‌విల్‌లో గ్రాండ్ ఓల్ ఓప్రీ వేదికపై పాడాడు. 1998లో మిడ్‌నైట్ ఆయిల్, పాల్ కెల్లీ తదితర కళాకారులు ఈయన పాటలను తమ శైలిలో పాడి "నాట్ సో డస్టీ" అనే గౌరవ ఆల్బమును విడుదల చేశారు. వీరిలో రాక్ సంగీతకారులు ఉండడం ఈయన ప్రభావం కంట్రీ సంగీతపు ఎల్లలు దాటిందని తెలుపుతుంది.

2000లో ఈయన నూరవ ఆల్బము "లుకింగ్ ఫార్వర్డ్ లుకింగ్ బ్యాక్" విడుదలైంది. ఒకే రికార్డు సంస్థకు నూరు ఆల్బములు అందించిన తొలి కళాకారునిగా ఈయన ప్రసిద్ధి చెందాడు. అదే సంవత్సరం అక్టోబరు 1న సిడ్నీ ఒలింపిక్ క్రీడల ముగింపు వేడుకలో, తనకు ముద్రగా మారిన వంచిన టోపీతో, గిటారుతో వేదికనెక్కి "వాల్ట్‌జింగ్ మటిల్డా" పాడగా, క్రీడాప్రాంగణమంతా గొంతు కలిపింది. అప్పటికి ఈయన వయసు 73 సంవత్సరాలు.

మరణం

స్లిమ్ డస్టీ చివరి సంవత్సరాలలో క్యాన్సర్ వ్యాధికి గురయ్యాడు. చికిత్స పొందుతూనే పాటలు రికార్డు చేయడం కొనసాగించాడు. 2003 సెప్టెంబరు 19న సిడ్నీలోని సెయింట్ ఐవ్స్‌లో, తన స్వగృహంలో, 76వ ఏట మరణించాడు. సెప్టెంబరు 26న సిడ్నీలోని సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్‌లో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ప్రధానమంత్రి జాన్ హోవార్డ్‌తో పాటు వేలాది అభిమానులు తరలివచ్చారు. జనం "ఎ పబ్ విత్ నో బీర్" పాటను కలిసి పాడి ఈయనకు వీడ్కోలు పలికారు.

మరణించే నాటికి ఈయన తన 106వ ఆల్బము పనిలో ఉన్నాడు. అది "కొలంబియా లేన్ - ద లాస్ట్ సెషన్స్" అనే పేరుతో 2004లో విడుదలైంది. కుర్రవాడిగా సొంత ఖర్చుతో పాట రికార్డు చేయించుకున్న హోమ్‌బుష్ స్టూడియో ఉన్న వీధి పేరు కొలంబియా లేన్.

పురస్కారాలు, గౌరవాలు

1970లో బ్రిటిష్ ప్రభుత్వ గౌరవమైన ఎంబీఈ లభించింది.
1979లో ఆస్ట్రేలియా కంట్రీ సంగీతపు రోల్ ఆఫ్ రినౌన్‌లో స్థానం పొందాడు.
1988లో ఏరియా హాల్ ఆఫ్ ఫేమ్ ప్రారంభమైనప్పుడు అందులో చేర్చబడిన తొలి జట్టు కళాకారులలో ఈయన ఒకడు.
1998లో ఆఫీసర్ ఆఫ్ ది ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా గౌరవం పొందాడు.
1999లో సీనియర్ ఆస్ట్రేలియన్ ఆఫ్ ద ఇయర్‌గా ఎంపికయ్యాడు.
2001లో ఆస్ట్రేలియా తపాలా శాఖ ఈయన చిత్రంతో తపాలా బిళ్ళను విడుదల చేసింది.
వృత్తి జీవితంలో మొత్తం 37 గోల్డెన్ గిటార్ పురస్కారాలు గెలుచుకున్నాడు.

స్మృతి

2015లో కెంప్సీలో స్లిమ్ డస్టీ సెంటర్ అనే ప్రదర్శనశాల ప్రారంభమైంది. 2020లో క్రివ్ స్టెండర్స్ దర్శకత్వంలో "స్లిమ్ అండ్ ఐ" అనే డాక్యుమెంటరీ చిత్రం వెలువడింది. దీని కథనం జాయ్ మెక్‌కీన్ దృష్టి నుండి సాగుతుంది. ఇద్దరి కృషి ఫలితంగా వచ్చిన పాటలు చాలాకాలం ఒక్కరి పేరుతోనే చలామణి అయినందున, ఆమె పాత్రను ఈ చిత్రం విస్తృతంగా వెలుగులోకి తెచ్చింది. ఆస్ట్రేలియా పల్లెలు ఆస్ట్రేలియా మాటలతోనే పాడుకోవచ్చునని నిరూపించిన గాయకులలో స్లిమ్ డస్టీ అగ్రగణ్యుడు.